వైరు లేదు, జవాబు వస్తోంది

దెయ్యాలు అర్ధరాత్రి దాటాకే వస్తాయని చెప్పినవాళ్ళెవరో గానీ, ఆఫీసు వేళల్లో ఉద్యోగం చేస్తూ చచ్చిపోయిన ఆడదాన్ని వాళ్ళు ఎరిగి ఉండరు. బతికుండగా ఒంటికి పట్టిన వేళలు చచ్చాక మాత్రం ఎక్కడికి పోతాయి? ఆ రోజు జరిగిందంతా భోజనాలయ్యాక, ఆఫీసంతా కునికిపాట్లు పడే వేళ జరిగింది. బయట ఎండ కాస్తూనే ఉంది. కాకపోతే ఆ ఎండ నేలమాళిగ మెట్లు దిగదు.

మెట్ల కింద ముందుగది. అందులో ఓ టేబులు, కంప్యూటరు, రెండు కుర్చీలు, మేకులకి వేలాడే మందపాటి చేతితొడుగులు. తడి సిమెంటూ ఫినాయిలూ కలిసిన వాసన. ముందుగదికీ లోపలిగదికీ మధ్య ఒక అద్దం, బరువైన తలుపు. లోపల మనిషి నడుమెత్తు టాంకులు బారుగా ఉంటాయి. పరిశోధనలకోసం దాచిన నమూనాలు వాటిలో గడ్డకట్టి ఉంటాయి. వాటిని అంత చల్లగా ఉంచేది ద్రవ నైట్రోజన్. మూత తీస్తే తెల్లటి పొగ అంచు దాటి నేలమీద పాకుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

దానికి వాసన లేదు. గదిలో పేరుకుంటే ఆక్సిజన్‌ని నిశ్శబ్దంగా పక్కకి నెట్టేస్తుంది. మనిషికి దగ్గు రాదు, గొంతు పట్టదు. కాస్త తల దిమ్మెక్కుతుంది, ఓ నిమిషం కూర్చుందామనిపిస్తుంది. కూర్చున్నవాళ్ళు లేవరు. అందుకే లోపలి గోడకి ఆక్సిజన్ మీటరు బిగించారు. ఆ మీటరుకి సొంత నోరు లేదు. అది కొలిచిన అంకెని వైరు గుండా కంప్యూటరుకి పంపుతుంది. అంకె తగ్గితే ఫ్యాను జోరు పెంచాల్సిందీ, గంట మోగించాల్సిందీ కంప్యూటరే.

ఆ కంప్యూటరులోని ప్రోగ్రాముని బాగుచెయ్యడానికి వచ్చింది సందేహాలమ్మ.

అది ఆఫీసులో పెట్టిన పేరు. మీటింగులో అందరూ తలలూపుతుంటే ‘ఎందుకు?’ అని అడగడం ఆమె జబ్బు. ఆ ప్రశ్నే మగాడు అడిగితే ఆలోచనాపరుడంటారు. ఆడది అడిగితే సందేహాలమ్మ.

ఇప్పుడామె మీద పడ్డ పని కూడా ‘ఎందుకు’దే. ప్రోగ్రాము మొదలవగానే తన చేతికింది పరికరాలన్నిటినీ పలకరించి చూసుకుంటుంది. ఏదైనా పలక్కపోతే తెరమీద ఒకే మాట పడేస్తుంది: ‘పరికరం దొరకలేదు’. ఏ పరికరం, ఎందుకు దొరకలేదు, ఏం చేస్తే దొరుకుతుంది, ఒక్క ముక్క చెప్పదు. అలిగి ముసుగుతన్ని పడుకున్న మొగుడే నయం, కనీసం అన్నం మానేసి అలిగానని తెలియజేస్తాడు. టెక్నీషియన్లు ఒక్కో వైరూ పీకి పెట్టుకుంటూ, కంప్యూటరుని ఆపి మళ్ళీ వేసుకుంటూ పూటలు పూటలు తగలేసేవారు. ఇకమీదట అలా కుదరదు. వైరు తగిలి ఉందా, ఉంటే అవతలినుంచి జవాబు వస్తోందా, వస్తే ఆ జవాబిస్తున్నది ఎవరు? ఇవి ప్రోగ్రాము విడివిడిగా అడిగి, మామూలు మాటల్లో చెప్పాలి.

“ఏమే, నీ సందేహాలు తీరాయా ఇంకా ఉన్నాయా?” టీ గ్లాసు టేబులుమీద పెడుతూ అంది వదిన.

వదినంటే సందేహాలమ్మ అన్నగారి భార్య. ఈ టాంకులు చూసుకునే టెక్నీషియను. పాత టెక్నీషియను పోయాక ఇక్కడ ఖాళీ ఉందని చెప్పి ఈ ఉద్యోగంలో చేర్పించింది సందేహాలమ్మే.

“తీరితే నా ఉద్యోగం పోతుంది వదినా. నీ తలనొప్పి ఎలా ఉంది?”

“పోతూ వస్తూ ఉంది. చుట్టంలా.” వదిన కుర్చీలో కూలబడి కణతలు నొక్కుకుంది. “లోపల కాసేపుంటే చాలు, తల బరువెక్కిపోతోంది. మీ పచ్చచుక్క సారుకి చెప్పాను.”

“ఏమన్నాడు?”

“ఇంట్లో నిద్ర చాలట్లేదేమోనమ్మా అన్నాడు. మీటరు పచ్చగానే ఉందిగా అన్నాడు. కళ్ళజోడు మార్పించుకోమన్నాడు. నాకు కళ్ళజోడు లేదే అంటే, అయితే పెట్టించుకోమన్నాడు.”

ఇద్దరూ నవ్వారు. ఆ మేనేజరుకి పచ్చచుక్క అని పేరు పెట్టింది వదినే. తెరమీద ప్రతి పరికరం పక్కనా ఒక చుక్క ఉంటుంది. బాగుంటే పచ్చన, లేకపోతే ఎర్రన. చుక్కలన్నీ పచ్చగా ఉంటే ఆయనకి లోకమంతా పచ్చగా ఉన్నట్టే.

“అన్నయ్యతో చెప్పావా?”

“చెప్తే మానెయ్యమంటాడు. మానేస్తే ఇంట్లో తలనొప్పి. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, ఆ అర్ధంతో ఇక్కడ, మిగతా అర్ధంతో అక్కడ. నాకు సెలవెప్పుడే?” అని లేచింది. తలుపు దగ్గర తొడుగులు వేసుకుంటూ ఆగింది. గొంతు తగ్గించింది.

“ఒకటి చెప్తాను, నవ్వకు.”

“చెప్పు.”

“లోపల ఒక్కదాన్నే ఉంటానా... పక్కనెవరో ఊపిరి తీస్తున్నట్టుంటుంది. నింపాదిగా. మొదట్లో టాంకు చప్పుడేమో అనుకున్నాను. నింపడం ఆపి విన్నాను.”

“వినిపించిందా?”

వదిన తొడుగులు బిగించుకుంది. “టాంకులు నింపి వచ్చేస్తా,” అని లోపలికి వెళ్ళింది. తలుపు తన బరువుతో తనే మూసుకుంది.

సందేహాలమ్మ నవ్వలేదు. ఆ పాత టెక్నీషియను సంగతి ఆమెకీ తెలుసు. ఇలాంటి మధ్యాహ్నమే లోపలికెళ్ళింది, మళ్ళీ రాలేదు. తలుపుకి జానెడు దూరంలో గోడకానుకుని కూర్చుని దొరికింది. గుమ్మం దగ్గర బస్సుకోసం ఎదురుచూస్తూ కునుకు తీసినట్టు ఉందిట. విచారణ జరిగింది. తెరమీద ఆక్సిజన్ అంకె ఆ పూటంతా 20.9 శాతం దగ్గరే ఉంది, అంటే గాలి బాగుంది. గాలి బాగుంది కాబట్టి లోపం ఆమెలోనే ఉంది. తిండి సరిగ్గా తిని ఉండదు. రక్తం తక్కువ మనిషై ఉంటుంది. ఇంట్లో ఏవో గొడవలై ఉంటాయి. తలనొప్పని ఆమె ఎంతమందికి చెప్పుకుందో ఎవరూ గుర్తుచేసుకోలేదు. అంకెకున్న పరువు ఆమె నోటికి లేకపోయింది. ఆ తర్వాత గదులకి కొత్త రంగు వేయించారు. అంతటితో సరిపోయింది.

ఇంతలో మెట్లమీద బూట్ల చప్పుడు. పచ్చచుక్క సగం మెట్లమీదే నిలబడి తొంగిచూశాడు.

“ఏమ్మా, అయిందా? సాయంత్రం పెద్దవాళ్ళు చూడ్డానికొస్తారు. తెరమీద ఎర్రచుక్క కనబడకూడదు.”

“కారణాలు కూడా చూపిస్తుంది సార్, ఇప్పుడు.”

“కారణాలెందుకమ్మా? దొరికిందా లేదా, అంతే కావాలి. ఈ ఆడవాళ్ళకి ప్రతిదానికీ కారణం కావాలి.”

“కారణం చెప్పకుండా బతికేసే సదుపాయం మాకు లేదు కద సార్.”

ఆయన అది వినిపించుకోకుండానే నవ్వేసి పైకి వెళ్ళిపోయాడు. సందేహాలమ్మ కొత్త ప్రోగ్రాముని నడిపించింది.

ఒక్కో పరికరమూ పలికింది. టాంకులు: వైరు ఉంది, జవాబు వస్తోంది. నైట్రోజన్ వచ్చే పైపు వాల్వు: వైరు ఉంది, జవాబు వస్తోంది. ఫ్యాను కూడా అంతే. అన్నిటి పక్కనా పచ్చచుక్కలు. చివర్న ఆక్సిజన్ మీటరు.

వైరు లేదు. జవాబు వస్తోంది. 20.9.

చుక్క పచ్చగానే ఉంది.

ఆమె కళ్ళు నులుముకుంది. అలాంటి జత ఉండడానికి వీల్లేదు. వైరు ఉండి జవాబు రాకపోవచ్చు. వైరు లేకుండా జవాబెలా వస్తుంది? తను రాసినదాంట్లోనే తప్పుందనుకుంది. మళ్ళీ నడిపించింది. అదే మాట. వంగి టేబులు కిందికి దూరింది.

దుమ్ము, సాలెగూడు. కంప్యూటరు వెనక వైర్ల కట్ట. అందులో ఒకటి కట్టలోంచి విడివడి, గోడ మూలకి పోయి పడి ఉంది. చేత్తో పట్టి లాగితే రెండో కొస లోపలిగది గోడలోకి పోతోంది. మీటరు వైరే. ఎప్పుడో టేబులు జరిపినప్పుడు ఊడిపోయి ఉంటుంది. వెలుతురులోకి తెచ్చి చూసింది. కొసన ఉన్న ప్లగ్గు మీద గోడరంగు చుక్కలు. ప్లగ్గు నోట్లో, పిన్నుల మధ్య కూడా ఎండిపోయిన రంగు.

వైరు ఊడి ఉన్నప్పుడే రంగు వేశారన్నమాట. పాత టెక్నీషియను పోయిన వెంటనే వేసిన రంగు.

మరి 20.9 ఎవరిది?

కొద్దిసేపటికి ప్రోగ్రాములో దొరికింది. ఓ మూల డమ్మీ మీటరు. ఈ పని చేసేవాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. ఆఫీసులో కూర్చుని రాసేటప్పుడు అసలు పరికరం పక్కన ఉండదు కాబట్టి, దాని బదులు పలకడానికి ఓ ఉత్తుత్తి పరికరాన్ని రాసి పెట్టుకుంటారు. అసలుది దొరక్కపోతే ఉత్తుత్తిది పలుకుతుంది. పని పూర్తయ్యాక దాన్ని తీసెయ్యాలి. ఎవరో తియ్యడం మర్చిపోయారు, ఉద్యోగం మారి వెళ్ళిపోయారు. ఇక్కడ వైరు ఊడిన క్షణం నుంచీ ఆ ఉత్తుత్తిది కిమ్మనకుండా కుర్చీలో కూర్చుని, ఎవరడిగినా ‘అంతా క్షేమం’ అంటోంది. ఆమె గోడకానుకుని జారిపోతున్నప్పుడు కూడా అదే అంది.

సందేహాలమ్మకి ఒళ్ళు మండింది. భయం కాదు, కోపం. డమ్మీని మొదలంటా పీకేసింది. ఇప్పుడు నడిపిస్తే వైరు లేదు, జవాబు లేదు అనాలి. ఎర్రచుక్క రావాలి, గంట మోగాలి. అది వినగానే వదిన బయటికొస్తుంది. అప్పుడు తను ఆ పచ్చచుక్కని కిందికి పిలిచి ఈ ప్లగ్గు ముఖాన పెట్టి చూపిస్తుంది.

నడిపించింది.

టాంకులు పలికాయి. వాల్వు పలికింది. ఫ్యాను పలికింది.

ఆక్సిజన్ మీటరు. వైరు లేదు...

తెర ఆగింది. ఆలోచిస్తున్నట్టు.

జవాబు వస్తోంది.

చేతిలో వైరు చల్లగా తగిలింది. ఇంకా పట్టుకునే ఉందని అప్పుడు తెలిసిందామెకి. డమ్మీ లేదు. వైరు తన చేతిలో ఉంది. కంప్యూటరుతో మాట్లాడ్డానికి అక్కడ ఏమీ లేదు. ‘జవాబిస్తున్నది ఎవరు?’ అన్న మీట నొక్కింది. అసలు పరికరాలైతే టకీమని తమ పేరూ నంబరూ చెబుతాయి. పేరు రావాల్సిన చోట ఖాళీ. ఖాళీలో గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది.

ఫ్యాను గొణుగుడు తప్ప చప్పుడు లేదు. గోడ అవతల పైపులో బుస్సుమనే సన్నటి శబ్దం. ఫినాయిలు వాసన కూడా పోయినట్టనిపించింది. ముక్కుకి ఏమీ తెలియడం లేదు.

అప్పుడు అంకె కదిలింది.

ఇన్నాళ్ళూ కదలని అంకె. 20.9... 20.2... 19...

“వదినా?”

18. చుక్క ఎర్రబడింది. గంట మాత్రం మోగలేదు.

16.

“వదినా!”

అద్దం దగ్గరికి పరిగెత్తింది. టాంకుల మీద తెల్లటి పొగ. మూత ఒకటి తీసి ఉంది. నింపే గొట్టం నేలమీద పడి బుసకొడుతోంది. మనిషి లేదు. అద్దానికి చెంప ఆనించి కిందికి చూసింది. తలుపు పక్కన... గోడకానుకుని... కాళ్ళు బారజాపి...

జానెడు దూరం.

వెంటనే తలుపు లాగబోయింది. ఆగింది. ఇలాంటి గదుల్లో మొదటి మనిషిని తేవడానికి వెళ్ళిన రెండో మనిషి కూడా అక్కడే పడిపోతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. మెట్లదాకా వెనక్కి వచ్చింది. గుండెలనిండా గాలి పీల్చి, బిగబట్టింది. తలుపు తెరిచి కుర్చీ అడ్డం తోసింది. లోపలికి వెళ్ళింది.

చలి. కళ్ళు చెమర్చేంత చలి. వదిన చంకల్లో చేతులు వేసి లాగింది. కదల్లేదు. వదిన బక్కమనిషే. అయినా కదల్లేదు. ఎవరో అవతల పట్టుకున్నట్టు... మళ్ళీ లాగింది. చెవుల్లో రక్తం మోగుతోంది. ఛాతీ పగిలిపోతోంది. ఇంకొక్క లాగు... ఊపిరి పీల్చకూడదు... పీల్చకూడదు...

ఉన్నట్టుండి బరువు పోయింది. ఎవరో వదిలినట్టో, ఎవరో ఎత్తి అందించినట్టో. ఇద్దరూ గుమ్మం ఇవతల వెల్లకిలా పడ్డారు.

సందేహాలమ్మ కుర్చీని కాలితో తన్నింది. తలుపు మూసుకుంది. కంప్యూటరు దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి వాల్వు మూసింది, ఫ్యానుని పూర్తి జోరులో పెట్టింది. అంబులెన్సుకి ఫోను చేసింది. వదిన దగ్గరికి వచ్చి చెంపలు తట్టింది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత వదిన పొడుగ్గా, ఈదేవాళ్ళు నీళ్ళలోంచి తలెత్తినట్టు గాలి లాక్కుంది.

“వదినా. నేనే. చూడు, నేనే.”

వదిన కళ్ళు తెరిచింది. పెదవులు కదిపింది. సందేహాలమ్మ చెవి దగ్గరపెట్టింది.

“వదలమను...”

“ఏంటి?”

“కాళ్ళు... నా కాళ్ళు వదలమనవే, ఆమెని...”

సందేహాలమ్మ వదిన కాళ్ళవైపు చూడలేదు. చూడలేకపోయింది. చేత్తో తడిమి, తన ఒళ్ళోకి లాక్కుంది. కాళ్ళు రెండూ మంచుముక్కల్లా ఉన్నాయి. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది.

కేకలు విన్నాడేమో, పచ్చచుక్క దడదడా దిగివచ్చాడు. నేలమీద పడి ఉన్న వదినని చూశాడు. ఆ వెంటనే తెరని చూశాడు. ముందు తెరని చూడనందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

“ఏమైందమ్మా? మళ్ళీ కళ్ళు తిరిగాయా? చెప్పానా, నిద్ర చాలట్లేదని...” వేలెత్తి తెర చూపించాడు. “మీటరు పచ్చగానే ఉందిగా!”

నిజమే. ఎర్రచుక్క పోయింది. అంకె 20.9 దగ్గర ఉంది.

సందేహాలమ్మ లేచింది. నేలమీద పడేసిన వైరు తీసి, ప్లగ్గుని ఆయన కళ్ళముందు పెట్టింది.

“మీటరు వైరు ఇది సార్.”

ఆయన ప్లగ్గునీ, అందులోని ఎండిన రంగునీ చూశాడు. కంప్యూటరు వెనక ఖాళీ సాకెట్టుని చూశాడు. లెక్క ఆయనకీ అందింది. మొహంలో రక్తం దిగిపోవడం కనబడింది. తలెత్తి మెట్లవైపు చూసి, గొంతు బాగా తగ్గించాడు.

“పెట్టెయ్.”

“ఏంటి సార్?”

“వైరు పెట్టెయ్యమ్మా. వాళ్ళొచ్చేలోపు. ఈమె బాగానే ఉందిగా... ఆ పాత సంగతి ఇప్పుడు తవ్వి ఎవరికేం లాభం? ఎవరికీ తెలియదు.”

“ఆమెకి తెలుసు సార్.”

“ఎవరికి?”

సందేహాలమ్మ ప్లగ్గుని పిడికిట్లో బిగించింది. రెండో చేత్తో తెర చూపించింది.

ఆక్సిజన్ మీటరు. వైరు లేదు. జవాబు వస్తోంది.

20.9.

అంకె మెల్లగా దిగింది. 20.6. ఆగింది. మెల్లగా పైకొచ్చింది. 20.9. ఆగింది. మళ్ళీ దిగింది.

“ఏంటది?” పచ్చచుక్క గొంతు పీలగా వచ్చింది. “ఏదో... వైరు కదులుతోందేమో.”

వైరు ఆమె పిడికిట్లోనే ఉంది. అంకె దిగుతోంది, ఆగుతోంది, పైకొస్తోంది. తొందరలేదు దానికి. నింపాదిగా.

నేలమీదనుంచి వదిన దాన్నే చూస్తోంది. చూస్తూ చూస్తూ, అరచేతిని తన నోటికి అడ్డం పెట్టుకుంది. అది తన ఊపిరేమోనని. సందేహాలమ్మకి అర్థమైంది. తనూ ఊపిరి బిగబట్టింది. పచ్చచుక్కయితే గాలి తియ్యడం ఎప్పుడో మర్చిపోయాడు.

ముందుగదిలో ముగ్గురి ఊపిరీ ఆగింది.

తెరమీద... దిగింది. ఆగింది.

పైకొచ్చింది.